గరీబ్‌ఖానా అనొద్దన్న మనిషి

మా సడ్డకుడు పోయాడన్న కబురు నాకు నిర్మల్ బస్సు కండక్టరు చెప్పాడు. కరీంనగర్ బస్టాండు ముందు చాయ తాగుతూ నిలబడి ఉన్నాను. బస్సు ఇంకా ఆగకముందే అతను మెట్టు మీద నుంచి వంగి, "పెద్దసారూ, మీ ఇంగ్లీషు సారు పొయ్యిండట. ఇయ్యాల్నే ఎత్తుతరట," అన్నాడు. చెప్పి, టిక్కెట్ల సంచి సర్దుకుంటూ తన దారిన తను పోయాడు. నేను వాళ్ళ ఊరి దిక్కు తిరుగు బస్సు ఎక్కాను. సగం దారిలో దిగిపోయాను. నాకంటే ఎంతో చిన్నవాడు, అతని పాడె వెనక నేను నడవడమేమిటని ఒళ్ళు మండింది. ఎండలో రోడ్డు పక్కన అటూ ఇటూ తిరిగాను. కాళ్ళు ఒకచోట నిలవలేదు. తరువాత వచ్చిన లారీని ఆపి మళ్ళీ ఎక్కాను. వెళ్ళేసరికి అంతా అయిపోయింది. వాకిట్లో చల్లిన నీళ్ళు కూడా ఆరిపోయాయి.

కోస్తా పాఠకులకు తెలియకపోవచ్చు, సడ్డకుడంటే తోడల్లుడు. అక్కను నేను చేసుకున్నాను, చెల్లెల్ని అతను చేసుకున్నాడు. బతికున్నంత కాలం నేను 'వాడు' అన్నాను. ఇప్పుడు 'ఆయన' అనబోతున్నాను. చావు మనిషికి చేసే మర్యాద ఇంతే.

దినాలు అయిపోయాక కరీంనగర్‌లో ఆయన పాఠం చెప్పిన బడిలో సంతాప సభ పెట్టారు. నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టారు. అధ్యక్షుడు ఒకప్పుడు బడుల తనిఖీ అధికారిగా చేసి రిటైరైన పెద్దమనిషి. ఆయన లేచి, స్వర్గీయులు ఆంగ్ల భాషామతల్లికి చేసిన సేవ మరువరానిదని, క్రమశిక్షణకు మారుపేరని, పిల్లలు ఆయన నీడను చూసి భయపడేవారని చెప్పాడు. మా సడ్డకుణ్ణి చూసి ఏ పిల్లవాడూ భయపడింది లేదు. ఇక భాషామతల్లి సంగతి. ఆమెకు సేవ చేసినందుకే ఈ పెద్దమనిషి ఆయనను అడవి అంచున ఉన్న బడికి శిక్ష బదిలీ చేశాడు. అది చెబుతాడేమోనని చూశాను. చెప్పలేదు. రెండో వక్త మొదలుపెట్టకముందే నేను లేచి బయటికి వచ్చాను. ఎవరో చాయ ఇవ్వబోయారు. తాగలేదు. ఆ సభ చెప్పని సంగతులు నేను రాస్తాను. ఎవరికైనా కోపం వస్తే వాళ్ళూ రాసుకోవచ్చు, పత్రికలో జాగా ఉంది.

నేను ఉర్దూ చదువుకున్నవాణ్ణి. ఫార్సీ కొంత వచ్చు. తెలుగు పుస్తకాలు, కావ్యాలతో సహా, దొరికినవన్నీ చదివాను. ఇంగ్లీషు మాత్రం అంగడి భాష అని నా అభిప్రాయం. మా మామ తన రెండో బిడ్డకు ఇంగ్లీషు పంతుల్ని చూశానని చెప్పినప్పుడు నేను నవ్వాను. పైగా ఇల్లటం. మామకు కొడుకులు లేరు కాబట్టి చిన్నల్లుడు వచ్చి ఆ ఇంట్లోనే ఉండాలి, ఆయన తరువాత ఇల్లు అతనిది. పెద్దల్లుడినైన నాకు ఆ ఏర్పాటు నచ్చలేదు. నచ్చిందని ఇప్పుడు అబద్ధం రాయను.

ఆయన పుట్టింది నస్పూర్ దిక్కున బొగ్గుబాయి లైన్లలో. వరసగా కట్టిన గదులు, ముందు ఒక రేకు చూరు, అన్నిటికీ కలిపి ఒక నల్లా. తండ్రి బాయిలో బొగ్గు కొట్టేవాడు. ఛాతీ జబ్బుతో మంచాన పడి పోయాడు. దినాలు కాగానే బాయి మనిషి ఒకడు తాళంకప్ప చేత్తో పట్టుకుని వచ్చి వాకిట్లో నిలబడ్డాడట. తల్లి, మా ఇల్లు వదిలి ఎటు పోవాలె అని ఏడిస్తే, అతను కోపంగా కూడా అనలేదట, మామూలుగానే చెప్పాడట: "ఇది ఇల్లు గాదమ్మా, క్వార్టరు." ఆయన జీవితంలో నేర్చుకున్న మొదటి ఇంగ్లీషు మాట అది. ఈ సంగతి నాతో ఒక్కసారే చెప్పాడు, బండిలో నిర్మల్ సంతకు పోతుంటే. చెప్పి వెంటనే ఎద్దుల గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు. తల్లీకొడుకులు ఆ తరువాత ఎవరి పంచలోనో, ఎవరి కొట్టంలోనో, హాస్టలు వంటగది వెనకో గడిపారని తరువాత నాకు మా మరదలు, అంటే ఆయన భార్య, చెప్పింది.

ఇది తెలిస్తే గాని ఆయన పాఠం అర్థం కాదు. పోలీసు చర్య అయిపోయి, ఉర్దూ బడులు ఒక్కొక్కటి మారుతున్న రోజులు. ఇంగ్లీషు వాచకంలో ఇళ్ళ గురించి ఒక పాఠం ఉండేది. హట్, కాటేజ్, బంగ్లా, మాన్షన్, టెంట్, ఇట్లా మాటలు, పక్కన బొమ్మలు. కాటేజ్ బొమ్మలో కప్పు మీద గొట్టం, గొట్టంలోంచి పొగ. మన దిక్కు ఇళ్ళకు పొగగొట్టాలు ఎక్కడున్నాయి? ఒక పిల్లవాడు లేచి, "సార్, గా ఇల్లు అంటుకున్నదా?" అని అడిగాడట. క్లాసంతా ఆ ఇంట్లో వాళ్ళు బతికి బయటపడ్డారా లేదా అని మాట్లాడుకుంటూ ఉండిపోయింది. ఆయన వాచకం మూసేశాడు. మరునాటి నుంచి ఆ పాఠం బయట తిరుగుతూ చెప్పాడు.

పిల్లల్ని వెంటబెట్టుకుని బస్టాండు దగ్గర లాడ్జింగుకు పోయేవాడు, అధికారుల క్వార్టర్ల ముందుకు పోయేవాడు, రోడ్డు వేసే కూలీల డేరాల దగ్గరికి, వడ్ల మిల్లు వెనక రేకుల షెడ్డులో కాపురమున్న వాళ్ళ దగ్గరికి పోయేవాడు. ప్రతిచోటా ఇంగ్లీషు మాట చెప్పి, అర్థం చెప్పకుండా, ఒకే ప్రశ్న అడిగేవాడు. దీంట్లకెళ్ళి నిన్ను ఎవడు ఎల్లగొట్టగలడు? డేరా అయితే మేస్త్రీ. లాడ్జింగైతే మేనేజరు, పైసలు అయిపోయిన పొద్దు. క్వార్టరైతే నౌకరి ఇచ్చినోడు. అట్లా ఒక్కొక్కటి పిల్లలే చెప్పేవాళ్ళు. జైలు గోడ పక్కనుంచి పోతున్నప్పుడు ఒకడు, "సార్, జైలు కూడ ఇల్లు లెక్కకొస్తదా?" అన్నాడట. "వస్తది," అన్నాడట ఈయన. "అండ్లకెళ్ళి మాత్రం నిన్ను ఎవడు ఎల్లగొట్టడు, భయపడకు."

హట్ అనే మాట కోసం ఊరి చివర మాదిగవాడకు తీసుకుపోయాడు. ఒక గుడిసె ముందు నిలబడి, మీ ఇల్లు చూడొచ్చా అని లోపలున్న ఆవిడను అడిగాడు. ఆవిడ చాప పరిచింది. పిల్లలు లోపలికి వంగి పోయి కూర్చున్నారు. దప్పికైతే ఆవిడ కుండలోంచి నీళ్ళు ఇచ్చింది, తాగారు. అంతే జరిగింది. ఆ సాయంత్రానికి పెద్దకులాల తండ్రులు కచ్చేరీ అరుగు మీద చేరారు. తనిఖీ అధికారి రాసిన కాగితంలో నీళ్ళ మాట లేదు, ఈ ఉపాధ్యాయుడు పాఠ్యపుస్తకం వదిలి విహారయాత్రలు చేయిస్తున్నాడని రాశాడు. సభలో అధ్యక్షత వహించిన చేయే ఆ కాగితం రాసింది. అడవి బడిలో ఉండటానికి గది కూడా లేదు. మా సడ్డకుడు పోయి, బడి పాకలోనే పడుకుని, అక్కడి గోండు పిల్లలకు వాళ్ళ ఇళ్ళ ముందరే అదే పాఠం చెప్పాడు. మళ్ళీ కరీంనగర్‌కు రావడానికి ఏళ్ళు పట్టింది.

ఆయనకు ఇంకో అలవాటు ఉండేది, అది నాకు చిరాకు. ఎవరింటికి పోయినా కూర్చునేవాడు కాదు. ముందు గోడ మీద అరచెయ్యి పెట్టి, దూలాలు చూసి, తలుపు వేసి తీసి, అప్పుడు కూర్చునేవాడు. ఇల్లు కొనడానికి వచ్చిన బేరగాడిలా ఉంటుంది. నేనొకసారి అన్నాను కూడా, "ఏం తమ్మీ, కూలుతదని భయమా?" అని. "కూలితే ఎటు ఉరకాలెనో సూసుకుంటున్న అన్నా," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కాని చూపు తలుపు మీదే ఉంది.

ఇక మా మామ గురించి చెప్పాలి. నవాబు కాలంలో తాలూకా కచ్చేరీలో మొహర్రిరుగా, అంటే రాతపని గుమాస్తాగా, పని చేసి వచ్చిన మనిషి. వాగు ఒడ్డున మా అత్తగారి ఊళ్ళో ఆయన కట్టించిన ఇల్లు నాకు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. నడుమ గచ్చు వాకిలి, చుట్టూ టేకు స్తంభాలు, వెనక అర్రలు, పైన వడ్ల అటక. భవంతి ఇల్లు అంటారు మా దిక్కు. కాని ఆయన నోటి నుంచి ఆ మాట ఎన్నడూ రాలేదు. కొత్తవాళ్ళు వస్తే, చేయి ఛాతీ మీద పెట్టి, "రాండ్రి, గీ గరీబ్‌ఖానల జర కూసోండ్రి," అనేవాడు. వాళ్ళ ఇల్లు ఎక్కడని అడగాలంటే, "మీ దౌలత్‌ఖానా ఏ దిక్కు?" అనేవాడు. అవతలివాడు గొర్రెల కాపరైనా సరే, వాడిది దౌలత్‌ఖానాయే. ఉర్దూ మర్యాద అది. తన ఇల్లు పేదది, ఎదుటివాడిది కలవారిది. ఎంత చక్కటి భాష. నేను ఆ మర్యాదకే మామను అంతగా అభిమానించాను.

మర్యాద వెనక భయం కూడా ఉందని నేను కాదనను. దొరల కాలంలో ఇల్లు బాగుందని ఎవడైనా నోరు జారితే, మరుసటి పండక్కి దొర మనుషులు వచ్చి దూలాలు అడిగేవాళ్ళు, లేదా వెట్టి చేయించడానికి వచ్చిన సిపాయిలను ఆ ఇంట్లోనే దింపేవాళ్ళు. అందుకని వీధి వీధంతా మామ దగ్గర నేర్చుకుంది. సాలెల ఇల్లు, కాపుల ఇల్లు, కంసాలి ఇల్లు, ఏదైనా సరే, కచ్చేరీ మనిషి అడిగితే "మా గుడిసె సాబ్" అనాలి. మంచి పెంకుటిల్లు ముందు నిలబడి గుడిసె అని చెప్పి, దాంతోనే పిల్లల్ని పెంచుకున్న ఊరు అది.

రాష్ట్రాలు కలిసిన తరువాత వాగు మీద ప్రాజెక్టు వస్తుందన్నారు. మా అత్తగారి ఊరు నీళ్ళలో పోతుంది. ఇల్లు ఉన్నవాళ్ళకు గట్టు మీద కొత్త ఊళ్ళో జాగా ఇస్తారు, పాత ఇంటి కలప తీసుకుపోనిస్తారు. గుడిసె వాళ్ళకు చేతిలో ఏదో పెట్టి పంపేస్తారు, జాగా లేదు. ఈ నియమం ఊరికి ఎవరూ చెప్పలేదు. కోస్తా నుంచి వచ్చిన ఒక సర్వే ఆఫీసరు, ఇద్దరు బంట్రోతులు వచ్చి, గడప గడప ముందు నిలబడి, "ఇదేమిటండీ?" అని అడిగారు. వీధి నేర్చుకున్న జవాబే చెప్పింది. మామ కూడా చేయి ఛాతీ మీద పెట్టుకుని చెప్పాడు. ఆఫీసరుకు ఉర్దూ రాదు. ఆ మాటకు అర్థమేమిటని బంట్రోతును అడిగితే, బీదోళ్ళ ఇల్లు అంటుండు సార్ అన్నాడట. డాంబర్ డబ్బాలో కుంచె ముంచి, సున్నం గోడ మీద పెద్దగా మూడు ఇంగ్లీషు అక్షరాలు రాసి పోయారు.

అక్షరాలు ఏమిటో చదవగలిగినవాడు ఊళ్ళో లేడు. సర్కారు రాసింది కాబట్టి మంచిదే అయి ఉంటుందని అనుకున్నారు. ఆడవాళ్ళు గోడలు అలుకుతున్నప్పుడు ఆ అక్షరాలకు తడి తగలకుండా చుట్టూ అలికారు. మా మరదలైతే వాటి చుట్టూ తెల్లటి ముగ్గు కూడా వేసింది.

ఎండాకాలం సెలవులకు ఆయన వచ్చాడు. నేనూ ఆ రోజుల్లో అక్కడే ఉన్నాను. మరదలు ఎదురు వెళ్ళి, సర్కారు మన ఇంటికి పేరు రాసి పోయిందని సంతోషంగా చూపించింది. ఆయన చేతిలో సంచి దించలేదు. గోడ చూశాడు. బయటికి నడిచి, సంచితోనే వీధి చివరిదాకా పోయి ప్రతి గోడా చూసి వచ్చాడు. అన్నిటి మీదా అదే మాట. హట్. దొర పశువుల కొట్టం గోడ మీద మాత్రం వేరే మాట ఉంది. హౌస్. ఎడ్లు మేతకు పోయిన సమయం చూసి దొర గుమాస్తా ఆఫీసరును నీడన కూర్చోబెట్టి, ఇది దొరవారి రెండో ఇల్లని చెప్పాడట. ఆ దొర మనవడు ఇప్పుడు కరీంనగర్‌లో పెద్దమనిషి. అహింస మీద ఉపన్యాసాలు ఇస్తాడు. పేరు రాయను, ఆయనకే తెలుసు.

సంచి అరుగు మీద పడేసి, "మామా, ఏమని చెప్పినవ్ వచ్చినోనికి?" అన్నాడు.

మామ చెప్పాడు. ఎప్పుడూ చెప్పేదే చెప్పానన్నాడు.

"గరీబ్‌ఖానా అనొద్దు మామా. నీ కాళ్ళు మొక్కుత. అప్పుడు వచ్చినోడు గుంజుకపోను వస్తుండె. ఇప్పుడొచ్చినోడు రాసుకపోను వస్తుండు. నువ్వు ఏమంటే అదే రాసుకపోతడు."

"మన ఇల్లు మంచి ఇల్లని మన నోటితోని మనమే అనుడు ఏం తమీజు అల్లుడా?"

"మంచి ఇల్లు అనకు. బంగ్లా అనకు. ఒట్టిగ ఇల్లు అను. ఇల్లును ఇల్లంటానికి సిగ్గెందుకు?"

"సిగ్గు గాదు," అన్నాడు మామ. రుమాలు విప్పి మళ్ళీ చుట్టుకుంటూ, "నా నోటికి రాదు," అన్నాడు.

రెండో మారు ఆఫీసరు వస్తాడని, అభ్యంతరాలు ఉంటే అప్పుడు చెప్పుకోవచ్చని తాలూకాకు పోయి కనుక్కుని వచ్చాడు మా సడ్డకుడు. యజమాని నోటితో చెప్పిందే రాస్తారట, పక్కవాళ్ళు చెబితే చెల్లదట. అప్పటి నుంచి ఆయన కుదురుగా కూర్చున్నది నేను చూడలేదు. అన్నం పళ్ళెం ముందు కూడా లేచి పోయేవాడు. పొద్దున్నే మొదలుపెట్టి ఇంటింటికీ తిరిగేవాడు. ఇంటాయన చేత, ఇంటావిడ చేత, అరచెయ్యి గోడ మీద పెట్టించి హౌస్ అనిపించేవాడు. నోరు తిరగని వాళ్ళ చేత ఇల్లు అనిపించేవాడు. చాలామందికి ఇంగ్లీషు మాటే సులువైంది. తెలుగులో చెప్పాలంటే దిష్టి తగులుతుందని భయం, ఇంగ్లీషుకు దిష్టి లేదు. ఇది గమనించింది ఆయనే. అందుకే తెలుగు మాట వదిలేసి అందరికీ ఇంగ్లీషే నేర్పాడు. సాలెల ముసలావిడ ఒకామె, "హౌసా? మా హౌజు లెక్కనే ఉన్నది గదా మాట. నీళ్ళు నింపుతరని ముందుగాల్నే పేరు పెట్టిన్రా సారూ?" అంది. మా దిక్కు హౌజంటే నీళ్ళ తొట్టి. వీధంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. మళ్ళీ అనమన్నాడు.

నాకు అది చూస్తుంటే చిరాకు పెరిగింది. ఉర్దూ మర్యాద నోరు ఒక అంగడి మాట వచ్చి మూయించడం నాకు నచ్చలేదు. ఒక పొద్దు ఆయన నీళ్ళు తాగడానికి వచ్చినప్పుడు అన్నాను, "ఇల్లటం వచ్చినోనికి ఇంటి మీద పాణం ఉంటది గదా తమ్మీ." ఆ మాట అన్నాను. ఇప్పుడూ వెనక్కి తీసుకోను, ఎందుకంటే అది నిజమే, ఆయనే ఒప్పుకున్నాడు. చెంబు దించి, "ఉంటది అన్నా," అన్నాడు. "ఇన్నేండ్లు నేనున్న వాటన్నిట్ల తాళం ఇంకొగని చేతులనే ఉండె." అంతే అని మళ్ళీ వీధిలోకి పోయాడు.

ఆఫీసరు వచ్చాడు. చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే నాకు ఇంత కోపం ఉండేది కాదు. చదువుకున్నవాడు, మర్యాదగా మాట్లాడేవాడు, ఎండకు బాగా అలిసిపోయినవాడు. ఊరిని చూడటానికి అతనికి కళ్ళు ఉన్నాయి, కాని చెవులతో రాసుకుంటున్నాడు. వీధి మొదట్లో కంసాలాయన గోడ మీద చెయ్యి పెట్టి హౌస్ అన్నాడు. పక్కింట్లోనూ అదే. ఆ పక్కనా అదే. ఆఫీసరు నవ్వాపుకుంటూ, "ఊరంతా ఇంగ్లీషు వచ్చేసిందేవిటండీ," అన్నాడు. అన్నాడే గాని పెంకుటిళ్ళన్నిటి మీదా కొత్త మాట రాయించాడు.

చివరికి మామ గడప. మామ తెల్లటి రుమాలు చుట్టుకుని నిలబడి ఉన్నాడు. పొద్దటి నుంచి ఆయన పెదాలు కదులుతూనే ఉన్నాయి, మా సడ్డకుడు నేర్పిన మాటను లోపల అనుకుంటున్నాడని నాకు తెలుసు. ఆఫీసరు వచ్చి నమస్కారం పెట్టి, "ఇది మీదేనాండీ? ఏమని రాసుకోమంటారు?" అన్నాడు.

మామ నోరు తెరిచాడు. ఇంటికి మనిషి వచ్చి నమస్కారం పెట్టాడు, ఇక ఆ మనిషి ఏ పని మీద వచ్చాడన్నది మామకు ఎక్కలేదు. చెయ్యి ఛాతీ మీదికి పోయింది. "గీ గరీబ్‌ఖానా మీదే అనుకోండ్రి సాబ్," అన్నాడు.

వీధంతా నిలబడిపోయింది. మరదలు పైట నోటికి అడ్డం పెట్టుకుంది. ఆఫీసరు వెనక్కి తిరిగి, ఉన్నది ఉన్నట్టే ఉంచమన్నట్టు బంట్రోతుకు చెయ్యి ఊపాడు. నేను మా సడ్డకుడి ముఖం చూశాను. అరుస్తాడనుకున్నాను, మామను తోసి తనే మాట్లాడతాడనుకున్నాను. నేనైతే అదే చేసేవాణ్ణి.

ఆయన ఆఫీసరు దగ్గరికి పోయి మెల్లగా అన్నాడు, "సార్, మా మామ ఇంటికి పిలిచిండు. పిలిచినంక గడప బయటికెళ్ళి మర్లిపోతే ఆయనకు అన్నం సహించదు. జర లోపల కూసోండ్రి, నీళ్ళు తాగి పోదురు."

ఆఫీసరుకు దాహం వేస్తున్నట్టే ఉంది. లోపలికి వచ్చాడు. వాకిలి నడుమ నీడలో మంచం వేశారు. మరదలు రాగి చెంబుతో నీళ్ళు తెచ్చింది. అతను తాగుతూ తల ఎత్తాడు. చుట్టూ టేకు స్తంభాలు, ఒక్కొక్కటి చేతులు చాపి కావిలించుకుంటే గాని అందనివి, పైన దూలాలు, అటక, అర్రల తలుపులు. బయటి నుంచి అతను చూసింది ఒక సున్నం గోడ, దాని మీద డాంబర్ అక్షరాలు, అంతే.

"సార్," అన్నాడు మా సడ్డకుడు, నిలబడే. "మా దిక్కు ఒక రివాజు ఉన్నది. ఇంటాయన తన ఇంటిని ఎప్పటికి తక్కువ చేసే చెప్తడు. అది ఏందో చెప్పాల్సింది ఇంటికొచ్చినోడు. ఇప్పుడు మీరొచ్చిన్రు. మీరు దేంట్ల కూసున్నరో మీరే చెప్పాలె."

ఆఫీసరు మళ్ళీ ఒకసారి స్తంభాల వైపు చూశాడు. అతను చదివిన ఏ పుస్తకంలోనూ ఈ ప్రశ్న ఉండి ఉండదు. "ఇల్లేనండీ," అన్నాడు. "ఎవరైనా ఇల్లనే అంటారు." తరువాత సరిగ్గా కూర్చుని, మామ వైపు తిరిగి, "చాలా మంచి ఇల్లండీ మీది," అని, గోడ మీద కొత్త మాట రాయమని బంట్రోతుకు చెయ్యి ఊపాడు.

మామ లేచి నుదుటికి చెయ్యి తాకించి సలాం చేశాడు. ఏళ్ళ తరబడి ఆ మనిషి అందరి ఇళ్ళనూ దౌలత్‌ఖానా అంటూ వచ్చాడు. తిరిగి ఆయన ఇంటిని ఎవరైనా అట్లా అనడం నేను వినలేదు, కచ్చేరీ మనుషులెవరూ అనలేదు. మామ కళ్ళు తడిశాయి. నాకు కూడా తడిశాయని కొందరు అంటారు, ఎండలో ఎవరికైనా తడుస్తాయి.

ఇక్కడ ఆపితే సంతాప సభ వాళ్ళకు బాగుంటుంది. కాని మా సడ్డకుడు ఇక్కడ ఆగలేదు. ఆఫీసరు ఇంకా మంచం మీద ఉండగానే, ఊరి బయట నిజంగానే గుడిసెల్లో ఉన్నవాళ్ళ సంగతి ఎత్తాడు. వాళ్ళవి గుడిసెలే కదండీ అన్నాడు ఆఫీసరు. గుడిసెలే, అన్నాడు ఈయన, వాళ్ళు ఎటు పోవాలె సార్? ఆఫీసరు చెంబులో మిగిలిన నీళ్ళు తాగి లేచాడు. మా సడ్డకుడు ఆ తరువాత తాసిల్దారును అడిగాడు, ఓట్లకు వచ్చిన వాళ్ళను అడిగాడు, మంత్రి కారు ఆపి అడిగాడు. ఎంత అడిగినా జాగా రాలేదు. గుడిసెల వాళ్ళు తలా ఒక దిక్కు పోయారు, కొందరు బొగ్గుబాయి దిక్కే పోయారు. పిల్లలకు హట్ అనే మాట చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఆయన సుద్దముక్క కింద పెట్టి కిటికీ దగ్గరికి పోయేవాడని ఆయన శిష్యుడొకడు నాతో అన్నాడు. ఇల్లు దక్కింది కదా, ఇక కూర్చోవచ్చు కదా అని నేను ఎన్నోసార్లు అన్నాను. కూర్చోలేదు. సగం పనే అయిందన్నా అనేవాడు. పోయేదాకా అదే మాట. మనిషి స్థిమితం లేకుండానే పోయాడు, ఆయన శాంతంగా కన్నుమూశాడని పత్రికల్లో రాసిన వాళ్ళకు ఇది నా సమాధానం.

ఇల్లు విప్పిన రోజులు నాకు బాగా గుర్తున్నాయి. మా దిక్కు కొత్త ఇల్లు కట్టేటప్పుడు ముందు దర్వాజ, అంటే తలుపులు బిగించని ద్వారబంధం, నిలబెడతారు, గోడలు తరువాత లేస్తాయి. పాత ఇంటి పెద్ద దర్వాజను బండి మీద గట్టు ఎక్కించి, కొత్త జాగాలో నిలబెట్టి, అటూ ఇటూ వాసాలు ఆనించారు. పసుపు రాశారు, మామిడాకులు కట్టారు, కొబ్బరికాయ కొట్టారు. చుట్టూ ఇంకా ఏమీ లేదు. రాళ్ళు, తుమ్మ చెట్లు, అంతా బయలు. ఆ బయల్లో ఒక్క దర్వాజ నిలబడి ఉంది.

మా సడ్డకుడు చెప్పులు విడిచాడు. ఎత్తు మనిషి. తల వంచి, గడప దాటి, అవతలికి పోయాడు. మామ, మరదలు, వీధి జనం వరసగా అట్లాగే పోయారు. అవతల ఆయన ఎండలో ఒక రాయి మీద కూర్చున్నాడు. గోడ మీద చెయ్యి పెట్టి చూడటానికి గోడ లేదు, తలుపు వేసి చూడటానికి తలుపు లేదు. ఊరికే కూర్చున్నాడు.

నేను మిగిలాను. గోడలు లేని చోట దర్వాజలోంచి పోవడమెందుకని పక్కనుంచి నడవబోయాను.

"అన్నా," అన్నాడు, కూర్చున్న చోటి నుంచే. "అట్లెట్లొస్తవ్? దర్వాజలకెళ్ళి రా."

నేను వెనక్కి వచ్చి, చెప్పులు విడిచి, తల వంచాను. పచ్చి పసుపు వాసన వచ్చింది. గడప దాటి తల ఎత్తితే పైన ఒట్టి ఆకాశం, ఎదురుగా మా సడ్డకుడు, లేచి, నాకు కూర్చోవడానికి ఆ రాయి చూపిస్తూ నిలబడి ఉన్నాడు.